మిర్చి సీజన్‌ల సర్వర్ సతాయిస్తున్నది – మిటిగేషన్లు బంద్ చేస్తే ఏమన్న ఐతదా?

అడ్తి_కంప్యూటర్లు · హన్మకొండ · ఫిబ్రవరి 10, రాత్రి 10:48

అన్నలకు, అక్కలకు నమస్తే. నాది సిస్టం సర్వీసింగ్ పని. ఏనుమాముల యార్డుల ముగ్గురు అడ్తిదార్ల (కమిషన్ ఏజెంట్ల) బిల్లింగ్ నేనే చూసుకుంట. ముగ్గురికీ కలిపి ఒక్కటే సర్వర్, సెకండ్ హ్యాండ్‌ల కొన్నది. జియాన్ ఈ5-2620 వీ3, 32 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. దాంట్ల ఉబుంటు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్.

మేడారం జాతర ఐపోంగనే మిర్చి దిగుడు షురూ అయింది. జెండా పాట కాంగనే కాంటాలు, కాంటాలు కాంగనే తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే తూకం బిల్లులు. రైతులు వరుసకు నిలబడుతరు. నిరుడు ఒక్క తక్‌పట్టీ రెండు సెకన్లల్ల ప్రింటుకు పోయేది. ఇప్పుడు ఆరేడు సెకన్లు. పదకొండు గంటలకు జోరు మీదున్నప్పుడైతే పది కూడా. మొన్న ఒక పెద్దమనిషి "కొడుకా, మిర్చి ఇంకోసారి ఎండేదాక ఆగాల్నా ఏంది?" అన్నడు. తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

మారింది ఒక్కటే. దసరా సెలవుల్ల పాత ఉబుంటు 14.04 తీసేసి 22.04 ఎక్కించిన. పాతదానికి ఏండ్ల సంది అప్‌డేట్ లేదు. యూట్యూబ్‌ల ఒకాయన ఏమంటుండంటే, కొత్త కెర్నల్‌ల (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయల) మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలకు వేసిన అడ్డుకట్టలే, అంటే మిటిగేషన్లే, సిస్టంను గుంజుతయట. బూట్ లైన్‌ల (సిస్టం లేచేటప్పుడు చదువుకునే సెట్టింగ్‌ల) మిటిగేషన్స్=ఆఫ్ అని పెడితే పాత వేగం వస్తదట. పెట్టాల్నా?

కరీంనగర్_నెట్‌సెంటర్ · కరీంనగర్ · ఫిబ్రవరి 10, రాత్రి 11:05

పెట్టు తమ్మీ, ఏంగాదు. నా సెంటర్ల 11 సిస్టంలు, అన్నీ నాలుగో జనరేషన్ ఐ3లు. ఇన్‌స్పెక్టర్ అని చిన్న టూల్ ఉంటది, రెండు బటన్లు నొక్కితే రెండు రక్షణలూ బంద్. రెండేండ్లయింది, ఎవ్వడు వచ్చి నా ప్రాసెసర్లకెళ్లి ఏం ఎత్తుకపోలే. ఇదంతా కొత్త ప్రాసెసర్లు అమ్ముకునేటందుకు పుట్టించిన భయం.

కాజీపేట_జంక్షన్ · బెంగళూరు, సొంతూరు కాజీపేట · ఫిబ్రవరి 10, రాత్రి 11:40

ఆగు తమ్మీ, అప్పుడే బూట్ లైన్ మీద చెయ్యి వెయ్యకు. మూడు సంగతులు చెప్పు.

సిస్ ఫోల్డర్‌ల డివైసెస్, సిస్టం, సీపీయూ, దాని లోపల వల్నరబిలిటీస్ అని ఒక ఫోల్డర్ ఉంటది. దాంట్ల ఒక్కో లోపానికి ఒక్కో ఫైలు. తెరిచి ఏమున్నదో రాయి. రెండోది, ప్రాక్ ఫోల్డర్‌ల సీపీయూఇన్ఫో ఫైలు తెరిచి ఫ్లాగ్స్ లైన్‌ల పీసీఐడీ అనే మాట ఉన్నదా చూడు. మూడోది, ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌తోని ఎట్ల మాట్లాడుతదో తెలుసా? ఒక్క తక్‌పట్టీకి ఎన్ని క్వెరీలు పోతున్నయి?

ఆరు సెకన్లు అంటే నాకైతే మిటిగేషన్లొక్కటే అనిపిస్తలేదు. రెండు సెకన్ల పనిని ఆరు చేసేంత బరువు వాటికి మామూలుగ ఉండదు.

భద్రకాళి_బండ్ · హన్మకొండ · ఫిబ్రవరి 11, ఉదయం 7:15

నేను డిగ్రీ కాలేజీల కంప్యూటర్స్ చెప్త. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ పేర్లు సిలబస్‌ల ఒక్క లైను ఉన్నయి. పోయిన వారం ఒక పిల్ల లేచి "మేడం, అది వైరస్సా?" అంది. కాదన్న. "మరేంది?" అంది. అక్కడ నాకు సరిగ్గ నోరు రాలే. ఎవరన్న పెద్దలు సమజయ్యేటట్టు చెప్తే ఈ తమ్ముని ప్రశ్నకు కూడా దారి దొరుకుతది.

ఆర్‌ఈసీ_పాతకాపు · హన్మకొండ · ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 2:30

రిటైరైన మనిషిని, మధ్యాహ్నం పని లేదు. వరంగల్ ఆర్‌ఈసీ ఇంకా ఎన్ఐటీ కాని రోజుల్ల అక్కడ చదువుకున్నోణ్ణి. చెప్త వినండి అమ్మా.

అడ్తి దుకాణమే తీసుకుందాం. గుమాస్తా బహు చురుకైనోడు. షావుకారు "ఊ" అనేదాక ఆగడు. వచ్చిన మనిషి మొహం చూసి, ఈయన ఫలానా ఖాతా అడుగుతడు అని ఊహించి పుస్తకం ముందే తీసి బల్ల మీద పెడతడు. ఊహ నిజమైతే టైం మిగిలింది. తప్పైతే చేసిన పని కొట్టేసి మళ్ల మొదలువెడతడు, ఎవరికీ నష్టం లేదు. ప్రాసెసర్ కూడా ఇదే చేస్తది. మెమొరీ నుంచి ఒక అంకె రావాల్నంటే వందల సైకిళ్లు పడుతయి. అంతసేపు చేతులు ముడుచుకొని కూర్చోకుండ, తర్వాత ఏం చెయ్యాల్సి వస్తదో ఊహించి ముందే చేసి పెట్టుకుంటది. 1995ల వచ్చిన పెంటియం ప్రో నాటి నుంచి ఇంటెల్ ప్రాసెసర్ల వేగంల ఈ ఊహకు పెద్ద వాటా ఉన్నది.

ఇప్పుడు నేనొక దొంగను అనుకోండి. లోపలి గది ఇనుప బీరువాల ఒక చిట్టీ ఉన్నది, దాని మీద ఒక అంకె. అది నేను చూడొద్దు. నేను గుమాస్తాతోని అంట: ఆ చిట్టీ మీద ఏ అంకె ఉంటే ఆ నంబరు ఖాతా పుస్తకం తీసి బల్ల మీద పెట్టు. గుమాస్తా షావుకారు దిక్కు చూడకముందే ఉరికి, చిట్టీ చూసి, 7వ నంబరు పుస్తకం తెచ్చి పెడతడు. అప్పుడు షావుకారు "ఏయ్, వానికి అది చూపెట్టకు" అని అరుస్తడు. గుమాస్తా సరే అని నోరు మూసుకుంటడు. చిట్టీ మీద ఏమున్నదో నాకు చెప్పడు. కానీ 7వ పుస్తకం మాత్రం బల్ల మీదనే ఉండిపోయింది.

ఇగ నేను మర్యాదగ 0 నుంచి 9 దాక ఒక్కో ఖాతా చూపెట్టమని అడుగుత. అవి నా సొంత ఖాతాలే, అడిగే హక్కు నాకున్నది. తొమ్మిది పుస్తకాలు బీరువాకెళ్లి మెల్లగ వస్తయి. 7వది టక్కున వస్తది. అంకె దొరికింది. మెల్ట్‌డౌన్ అంటే ఇదే. బల్ల అంటే క్యాష్, ప్రాసెసర్ చేతికందేటట్టు పెట్టుకునే చిన్న మెమొరీ. దొంగ చేతిల ఉన్న ఆయుధం గడియారం ఒక్కటే.

స్పెక్టర్ ఇంకో రకం. దాంట్ల నేను లోపలి చిట్టీ అడగను. లోపలికి పోయే హక్కున్న మనిషి పని మీద వచ్చినప్పుడు గుమాస్తా తప్పు ఊహించేటట్టు ముందునుంచే అలవాటు చేస్త. పది సార్లు ఒక తీరుగ నడిపిస్తే పదకొండోసారి అడగకుండనే అటే ఉరుకుతడు. మెల్ట్‌డౌన్ ముఖ్యంగ ఇంటెల్‌కు తగిలింది, ఏఎండీకి తగల్లేదు. స్పెక్టర్ మాత్రం ఇంటెల్, ఏఎండీ, ఏఆర్‌ఎం అందరికీ తగిలింది.

అమ్మా, ఆ పిల్లకు చెప్పు: వైరస్ బయటి నుంచి వచ్చేది. ఇది గుమాస్తా స్వభావం.

అడ్తి_కంప్యూటర్లు · ఫిబ్రవరి 11, రాత్రి 9:20

సార్, ఇది మా గుమాస్తాకు చదివి వినిపించిన. "నన్ను దొంగకు సాయం చేసినోణ్ణి చేసిండు, ఎవరాయన?" అని అలిగిండు.

కాజీపేట అన్నా, నువ్వడిగినయి చూసిన. మెల్ట్‌డౌన్ దగ్గర మిటిగేషన్: పీటీఐ అని ఉన్నది. ఎండీఎస్ అనే ఇంకో లోపం దగ్గర వల్నరబుల్, మైక్రోకోడ్ లేదు, ఎస్‌ఎంటీ హోస్ట్ స్టేట్ అన్‌నోన్ అని వచ్చింది. ఫ్లాగ్స్‌ల పీసీఐడీ ఎంత వెతికినా లేదు. సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతదో నాకు తెల్వదు. అమ్మినోళ్లు ఫోనెత్తితే రేపంటరు, రేపు ఎత్తరు.

కాజీపేట_జంక్షన్ · ఫిబ్రవరి 11, రాత్రి 10:02

ఎస్‌ఎంటీ హోస్ట్ స్టేట్ అన్‌నోనా? ఆ మాట నేరుగ మిషన్ మీద ఎక్కించిన లినక్స్ అనదు. వర్చువల్ మిషన్, అంటే వీఎం (మిషన్ లోపల సాఫ్ట్‌వేర్‌తోని కట్టిన ఇంకో మిషన్), దాని లోపల ఉన్నదే అంటది. తమ్మీ, నువ్వు దీన్ని దేని లోపల నడిపిస్తున్నవు?

అడ్తి_కంప్యూటర్లు · ఫిబ్రవరి 11, రాత్రి 10:10

ఆ, వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్ 7 లోపల అన్నా. పాతది నేరుగ మిషన్ మీదనే ఉండే. బ్యాకప్ తీసుకునుడు అల్కగ ఉంటదని దసరాకే దాన్ని వీఎం చేసిన.

కాజీపేట_జంక్షన్ · ఫిబ్రవరి 11, రాత్రి 10:13

"మారింది ఒక్కటే" అన్నవు కదనే!

సరే, దొరికింది అనుకుంటున్న. జర పెద్దగనే రాయాలె, అన్నం తిని వస్త.

కరీంనగర్_నెట్‌సెంటర్ · ఫిబ్రవరి 11, రాత్రి 10:20

పాతకాపు సార్ కథ మస్తుగున్నది. కానీ తాళం వేస్తే వేగం ఎందుకు తగ్గాలె? తాళం వేసిన బీరువా బరువెక్కదు కదా.

కాజీపేట_జంక్షన్ · ఫిబ్రవరి 11, రాత్రి 11:35

కరీంనగర్ అన్నా, ఇక్కడ తాళం వెయ్యలేదు, గోడ కట్టిండ్రు. అదీ సెకనుకు వేల సార్లు కూల్చి మళ్ల కట్టే గోడ.

అంతకుముందు ప్రతి ప్రోగ్రాం చేతిల ఉండే మెమొరీ నక్షాల కెర్నల్ గదులు కూడా గీసి ఉండేవి. పోవద్దు అని ముద్ర మాత్రం ఉండేది. చురుకైన గుమాస్తా ముద్ర చూడకముందే పోతున్నడని తేలినంక, అసలు నక్షాలకెళ్లే ఆ గదులు తీసేసిండ్రు. దాన్నే పీటీఐ అంటరు. ఆస్ట్రియాల గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 2017లనే కైజర్ పేరుతోని ఇసొంటిదే తయారు చేసిండ్రు, వేరే కారణానికి. అదే అక్కరకొచ్చింది. ఇప్పుడు ప్రోగ్రాం కెర్నల్‌ను ఏదన్న అడిగిన ప్రతిసారి, ఫైలు చదవనీ, నెట్‌వర్క్ మీద పంపనీ, నక్షా మార్చాలె. తిరిగొచ్చేటప్పుడు మళ్ల మార్చాలె.

నక్షా మారితే, ఏ చిరునామా ఎక్కడున్నదో ప్రాసెసర్ రాసిపెట్టుకున్న చిన్న పట్టీ, అంటే టీఎల్‌బీ, తుడిచేసుకోవాలె. తుడిస్తే మళ్ల వెతుకుడు. ఖర్చంతా అక్కడనే. అందుకే ఒక్కచోట కూర్చొని లెక్కలు చేసుకునే ప్రోగ్రాంకు ఈ ప్యాచ్ తగిలినట్టే తెల్వది. సెకనుకు వేలసార్లు లోపలికీ బయటికీ తిరిగేదానికి నడుం విరుగుతది. 2018 జనవరిల పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ కొలిచి పెట్టిన లెక్కల చెడు సందర్భంల తరుగుదల పీసీఐడీ ఉంటే 17 శాతం, లేకపోతే 23 శాతం దాక వచ్చింది.

ఆ పీసీఐడీ ఏందంటే, పట్టీల ప్రతి లైను పక్కన ఇది ఏ నక్షాది అని చిన్న గుర్తు. గుర్తుంటే పట్టీ మొత్తం తుడవనక్కర లేదు. నీ జియాన్ హాస్వెల్ తరానిది, దాంట్ల ఆ సౌలత్ మంచిగనే ఉన్నది. కానీ పాత ప్రాక్స్‌మాక్స్‌ల వీఎం తయారు చేసినప్పుడు ప్రాసెసర్ రకం కేవీఎం64 అని దానంతటదే పెట్టుకుంటది. అది ఏ మిషన్ మీదనైనా నడవాలని పెట్టిన బక్క ప్రాసెసర్. పీసీఐడీని లోపలికి చూపెట్టదు. అంటే నీ డేటాబేస్ గోడ ఖర్చు పూర్తిగ కడుతున్నది, ఇంటెల్ ఇచ్చిన రాయితీ మాత్రం దానికి అందుతలేదు.

వీఎంను పూర్తిగ షట్‌డౌన్ చెయ్యి, రీబూట్ సరిపోదు. హార్డ్‌వేర్‌ల ప్రాసెసర్ టైపు హోస్ట్ అని మార్చి మళ్ల లేపు. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ ప్రాక్స్‌మాక్స్ మీద వెయ్యి, వీఎం లోపల కాదు.

2018 అంటే యాదికొచ్చింది. ఈ లోపాలను జనవరి 9న అందరూ కలిసి బయటపెడుదామని ఒప్పందం. సంగతి లీకై 3వ తారీఖుననే చెప్పాల్సి వచ్చింది. అప్పుడు నేను చేసే కంపెనీల ప్యాచింగ్ నా నెత్తిన పడ్డది, సంక్రాంతి టికెట్ క్యాన్సిల్. ప్యాచ్ ఎక్కించి ఊపిరి పీల్చుకునేలోపల హాస్వెల్, బ్రాడ్‌వెల్ మిషన్లు వాటంతటవే రీబూట్ కొడుతున్నయని, ఆ మైక్రోకోడ్ వెయ్యకండని 22న ఇంటెల్లే చెప్పింది. ఎక్కించినయి మళ్ల దించుడు. నెలాఖరుకు మేడారం జాతరకు మాత్రం పోయిన, ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి.

జగిత్యాల_టు_దుబాయ్ · దుబాయ్ · ఫిబ్రవరి 12, ఉదయం 6:50

నేను ఇక్కడ డేటా సెంటర్ల చేస్త. పేరు చెప్పను, మా దగ్గర వర్చువల్ మిషన్లు కిరాయికిస్తరు. కరీంనగర్ అన్న అమ్ముకునేటందుకు పుట్టించిన భయం అన్నడు కదా. మాకైతే ఆ భయానికి పైసలల్ల లెక్కున్నది.

2018 ఆగస్టుల ఫోర్‌షాడో, 2019 మేల ఎండీఎస్ అని ఇసొంటి లోపాలే ఇంకా వచ్చినయి. ఆ రెండూ హైపర్ థ్రెడింగ్ (ఎస్‌ఎంటీ అన్నా అదే, ఒక్క కోర్‌తోని ఒక్కసారే రెండు పనులు చేయించుడు) మెడకు చుట్టుకున్నయి. ఒక్క కోర్‌ల ఇద్దరు కిరాయిదార్లు, మధ్యల గోడ పలుచన. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వాళ్లు ఎండీఎస్ రాకముందే, 2018 జూన్‌లనే, హైపర్ థ్రెడింగ్ బంద్ చేసిండ్రు. గూగుల్ క్రోమ్ ఓఎస్ 74ల బంద్ చేసింది. అది కూడా బంద్ చేసుకొని పూర్తి రక్షణ పెట్టుకుంటే 40 శాతం దాక వేగం పోవచ్చని ఆపిల్ తన మ్యాక్‌ల గురించి చెప్పింది. 2022ల రెట్‌బ్లీడ్: జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకుల లెక్కల ప్యాచ్ ఖర్చు ఏఎండీ మీద 14, ఇంటెల్ మీద 39 శాతం దాక. 2023 ఆగస్టుల డౌన్‌ఫాల్: ఆరో తరం నుంచి పదకొండో తరం దాక, కొన్ని పనులకు 50 శాతం దాక పోవచ్చని ఇంటెల్లే ఒప్పుకున్నది.

నీ వీ3కి రెట్‌బ్లీడ్, డౌన్‌ఫాల్ రెండూ తగలవు తమ్మీ. ముసలోడైనందుకు బతికిపోయిండు.

పాలిటెక్నిక్_పోరడు · మంచిర్యాల · ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:15

అన్నా, నా దగ్గర రాస్‌బెర్రీ పై 3 ఉన్నది. దానికి స్పెక్టర్ లేదంటరు, నిజమేనా? ఏఎండీ కొనుక్కుంటే ఈ లొల్లి ఉండదా?

ఆర్‌ఈసీ_పాతకాపు · ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:05

నిజమే నాయనా. పై 3ల ఉన్న కార్టెక్స్ ఏ53 వరుస తప్పని గుమాస్తా, ఈ తీరుగ ముందుకు ఉరకడు. అందుకే దొరకడు, అందుకే మెల్లగుంటడు. పై 4ల ఉన్న ఏ72 ఉరుకుతది, దానికి స్పెక్టర్ ఉన్నది.

ఏఎండీకి మెల్ట్‌డౌన్ లేదు గాని 2023 జులైల జెన్ 2కు జెన్‌బ్లీడ్, ఆగస్టుల ఇన్‌సెప్షన్ వచ్చినయి. ఆపిల్ ఎం1, ఎం2లకు 2024ల గోఫెచ్. కులం చూసి పిల్లనిచ్చే సంబంధం కాదిది.

కరీంనగర్_నెట్‌సెంటర్ · ఫిబ్రవరి 12, సాయంత్రం 5:40

అన్నీ మంచిగనే చెప్తున్నరు. నా ప్రశ్నకు ఒక్కరు జవాబియ్యలే. ఇన్నేండ్లల్ల దీనితోని ఎవని అకౌంట్ల పైసలన్న పోయినయా? నా సెంటర్ల పిల్లల పాస్‌వర్డులు పోయేది ఓటీపీ ఫోన్లతోని, దొంగ లింకులతోని. కీలాగర్ ఒకసారి దొరికింది, అది పెన్‌డ్రైవ్‌ల వచ్చింది. ప్రాసెసర్ బల్ల మీద పుస్తకాలు చూసి దొంగిలించే అంత ఓపిక ఎవనికున్నది?

భద్రకాళి_బండ్ · ఫిబ్రవరి 12, రాత్రి 8:30

అన్నా, దాంట్ల న్యాయముంది. మామూలు దొంగకు ఇది కష్టమైన దారి, లింకు పంపుడు సులువు. కానీ మీ సెంటర్ పరిస్థితి అడ్తి తమ్మునిది కాదు. మీ దగ్గర కూర్చున్నోళ్లు నిమిషానికి ఒక కొత్త వెబ్‌సైట్ తెరుస్తరు. ప్రతి సైటూ తన జావాస్క్రిప్ట్ మీ ప్రాసెసర్ మీదనే నడుపుతది. ఎవరో రాసిన ప్రోగ్రాం, మిమ్మల్ని అడగకుండ. పక్క ట్యాబ్‌ల ఒక రైతు ఆధార్ నంబరు కొడుతుంటడు.

నిన్న సార్ కథ చదివినంక కూర్చొని వెతికిన. 2021 మార్చిల గూగుల్ వాళ్లే స్పెక్టర్‌ను జావాస్క్రిప్ట్‌ల రాసి చూపెట్టిండ్రు. క్రోమ్ 88, స్కైలేక్ ప్రాసెసర్, సెకనుకు ఒక కిలోబైట్ మెమొరీ చదివింది. కిలోబైట్ అంటే చిన్నదే, పాస్‌వర్డ్ ఇంకా చిన్నది.

బ్రౌజర్లు కూడా ఖర్చు పెట్టుకున్నయి. 2018ల దొంగ చేతిల గడియారాన్నే మొద్దు చేసిండ్రు, ఫైర్‌ఫాక్స్ తన టైమర్‌ను 20 మైక్రోసెకన్లకు దించింది. క్రోమ్ 67ల సైట్ ఐసోలేషన్ తెచ్చింది, ఒక్కో సైటుకు వేరే ప్రాసెస్. దానికి ర్యామ్ 10 నుంచి 13 శాతం ఎక్కువ తింటదని వాళ్లే చెప్పిండ్రు. మీ ఐ3లల్ల ర్యామ్ ఎంత?

కరీంనగర్_నెట్‌సెంటర్ · ఫిబ్రవరి 12, రాత్రి 8:41

4 జీబీ. హార్డ్ డిస్కులు.

జగిత్యాల_టు_దుబాయ్ · ఫిబ్రవరి 12, రాత్రి 8:55

అన్నా 😂 నీ రోగం ప్రాసెసర్ల లేదు.

అడ్తి_కంప్యూటర్లు · ఫిబ్రవరి 13, రాత్రి 11:10

నిన్న యార్డు మూసినంక షట్‌డౌన్ చేసి ప్రాసెసర్ టైపు హోస్ట్ పెట్టిన, మైక్రోకోడ్ ఎక్కించిన. పీసీఐడీ వచ్చింది. ఎండీఎస్ దగ్గర కూడా మిటిగేషన్ అని మారింది. ఇయ్యాల జోరు టైంల తక్‌పట్టీ నాలుగు సెకన్లకు దిగింది. కాజీపేట అన్నకు వంద దండాలు.

రెండు ఇంకా మిగిలినయి. మిటిగేషన్లు కూడా తీసేస్తే రెండుకు వస్తదా? ఇంకోటి, ఇది చెప్పుడు మర్చిపోయిన, అదే ప్రాక్స్‌మాక్స్ మీద మా దోస్తుగాని వెబ్‌సైట్ వీఎం ఒకటి ఉన్నది. పెళ్లి పత్రికల డిజైన్ సైటు. దాంతోని ఏమన్న లోడ్ పడుతుందా?

కాజీపేట_జంక్షన్ · ఫిబ్రవరి 13, రాత్రి 11:25

లోడ్ సంగతి తర్వాత. ముగ్గురు అడ్తిదార్ల లెక్కలు, రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న మిషన్ మీద ఊరందరికీ తెరిచి ఉన్న ఒక వెబ్‌సైట్? ఇది మొదటి రోజే చెప్పాల్సిన ముచ్చట తమ్మీ.

ఇప్పటిదాక నా మనసుల ఉన్న జవాబు వేరే ఉండె. సర్వర్‌ల బ్రౌజర్ లేదు, బయటి మనిషి ప్రోగ్రాం నడవదు, ఇంటర్నెట్‌కు తలుపు లేదు అంటే, బిల్లింగ్ వీఎం లోపల మిటిగేషన్లు తీసేసుకున్నా నేను పెద్దగ తప్పువట్టను. దొంగ లోపలికొచ్చి కోడ్ నడపగలిగిండంటే అప్పటికే నీ పని ఐపోయింది, వానికి స్పెక్టర్ ఎందుకు? కానీ పెళ్లి పత్రికల సైటు హ్యాక్ అయ్యిందనుకో. దొంగ పక్క గదిల కిరాయికి దిగినట్టే. ఇద్దరి మధ్య ఉన్నది ప్రాక్స్‌మాక్స్ కట్టిన గోడ ఒక్కటే. ఫోర్‌షాడో లాంటివి తగిలేది ఇసొంటి సంసారంలనే.

రెండు తావులు కలపకు. వీఎం లోపల ఆఫ్ చేస్తే ఆ వీఎం లోపలి గోడలే పోతయి. ప్రాక్స్‌మాక్స్ మీద ఆఫ్ చేస్తే రెండు వీఎంల మధ్య గోడ పోతది. రెండోది ఏ పరిస్థితిల కూడా ముట్టకు.

కెర్నల్ రాసేటోళ్లకు కూడా ఈ సంగతి తోచినట్టున్నది. 2025ల వచ్చిన లినక్స్ 6.17ల లోపం పేరు పెట్టి కాకుండ, ఎవరి నుంచి ఎవరిని కాపాడాలె అని చెప్పే ఏర్పాటు పెట్టిండ్రు. యూజర్ నుంచి కెర్నల్‌కా, గెస్ట్ (వీఎం) నుంచి హోస్ట్‌కా (దాన్ని నడిపే మిషన్‌కా), గెస్ట్ నుంచి గెస్ట్‌కా అని విడివిడిగ. నీ 22.04 కెర్నల్ పాతది, నీకు ఇప్పుడు అక్కరకు రాదు. కానీ ఆలోచించే తీరు అది.

ఇగ మిగిలిన రెండు సెకన్లు. డేటాబేస్‌ల లాగ్ కనెక్షన్స్ అనే సెట్టింగ్ ఆన్ చేసి ఒక్క తక్‌పట్టీ కొట్టి చూడు.

అడ్తి_కంప్యూటర్లు · ఫిబ్రవరి 15, సాయంత్రం 4:30

ఆదివారం, యార్డు బంద్. పొద్దటి సంది దుకాణంల నేను, సర్వర్, రెండు చాయ్‌లు.

లాగ్ చూసి నోట మాట రాలే. 60 బస్తాల లాటుకు తక్‌పట్టీ కొడితే 60 కొత్త కనెక్షన్లు. ఒక్కో బస్తా తూకం రాసుడుకు డేటాబేస్ తలుపు కొట్టుడు, లోపలికి పోవుడు, ఒక్క లైను రాసుడు, బయటికొచ్చి తలుపు మూసుడు. మళ్ల రెండో బస్తాకు అదే.

సరదాకు ఒక గంట బిల్లింగ్ వీఎం లోపల మిటిగేషన్స్=ఆఫ్ పెట్టి కొలిచిన, పత్రికల వీఎం బంద్ చేసి, నెట్ కేబుల్ పీకి. నాలుగు సెకన్లది మూడున్నరకు వచ్చింది. అంతే. మళ్ల తీసేసిన.

కాజీపేట_జంక్షన్ · ఫిబ్రవరి 15, సాయంత్రం 5:05

ఇగో, ఇదే. పోస్ట్‌గ్రెస్‌ల ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో కొత్త ప్రాసెస్ పుడుతది. పుట్టుడు, పాస్‌వర్డ్ చూసుడు, సచ్చుడు, అన్నీ కెర్నల్ గడప దాటే పనులే. గడప దాటుడు అగ్గువ ఉన్నప్పుడు, అంటే నీ పాత 14.04 రోజుల్ల, ఆ ప్రోగ్రాం బద్ధకం ఎవరికీ కనవడలే. గడప పిరమైంది, బయటపడ్డది. 60 బస్తాలను హమాలీ ఒక్కొక్కటే మోసుకపోయి గేటు దగ్గర ఒక్కోసారి చిట్టీ రాయించుకున్నట్టు ఉన్నది. లారీ నింపి ఒక్కసారి దాటాలె.

సాఫ్ట్‌వేర్ నువ్వు మార్చలేవు కాబట్టి మధ్యల పీజీబౌన్సర్ పెట్టు. అది డేటాబేస్‌కు పది కనెక్షన్లు తెరిచే ఉంచి, మీ ప్రోగ్రాం ఎన్నిసార్లు తలుపు కొట్టినా అవే అందిస్తది. అదే వీఎంల పెట్టుకో, పోర్టు నంబరు ఒక్కటి మార్చాల్సి ఉంటది.

ఆర్‌ఈసీ_పాతకాపు · ఫిబ్రవరి 15, సాయంత్రం 6:20

మా కాలంల పంచ్ కార్డుల డబ్బా మోసుకపోయి ఇస్తే, ఫలితం మళ్ల పొద్దుగాల వచ్చేది. ఒక్క కార్డు తప్పైతే ఇంకో రోజు. అందుకే గడప దాటకముందే నాలుగుసార్లు చూసుకునేటోళ్లం. పిల్లలకు కోపం రావొద్దు, ఊకెనే చెప్పిన.

అడ్తి_కంప్యూటర్లు · ఫిబ్రవరి 18, రాత్రి 9:45

పీజీబౌన్సర్ సోమవారం పెట్టిన. ఇయ్యాల బుధవారం, మూడు రోజులు చూసి రాస్తున్న. జోరు మీద కూడా తక్‌పట్టీ రెండు సెకన్ల లోపట. మిటిగేషన్లన్నీ ఆన్‌లనే ఉన్నయి.

పత్రికల వీఎంను తీసి మా దోస్తుకు ఒక పాత ల్యాప్‌టాప్ ఇచ్చి దాంట్ల పెట్టిచ్చిన. బ్యాటరీ పోయింది కాబట్టి కరెంటు పోతే సైటు పోతది, పెండ్లిళ్ల సీజన్‌ల ఇట్ల చేస్తవా అని తిట్టిండు. సాఫ్ట్‌వేర్ అమ్మినోళ్లకు 60 కనెక్షన్ల లాగ్ ఫొటో తీసి పంపిన. బ్లూ టిక్ పడ్డది, జవాబు లేదు.

ఆ పెద్దమనిషి నిన్న మళ్ల వచ్చిండు, తేజ రకం తెచ్చిండు. తక్‌పట్టీ చేతిల పడంగనే ఎగాదిగా చూసి "గింత జల్ది వచ్చింది, లెక్క సక్కగనే ఉన్నదా?" అన్నడు.

భద్రకాళి_బండ్ · ఫిబ్రవరి 18, రాత్రి 10:05

😂 తమ్మీ, ఈ థ్రెడ్ మొత్తం ప్రింట్ తీసి క్లాసుల చెప్తున్న. గుమాస్తా కథకు పిల్లలు బోర్డు మీద బొమ్మ కూడా వేసిండ్రు. ఆ పిల్ల ఇప్పుడు "షావుకారు ముందే ఎందుకు అరవడు మేడం?" అంటుంది. సార్, దీనికి మీరే జవాబియ్యాలె.

ఆర్‌ఈసీ_పాతకాపు · ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1:50

మంచి పిల్ల. చెప్పు ఆమెకు: కొత్త ప్రాసెసర్లల్ల ముందే అరుస్తున్నడు. మెల్ట్‌డౌన్ తర్వాత ఇంటెల్ కొత్త తరాలల్ల హార్డ్‌వేర్‌లనే సరిచేసింది, వాటికి పీటీఐ గోడ అక్కర లేదు. ముందే ఎందుకు అరవలేదంటే, గుమాస్తా నోరు మూసుకుంటే చాలు అనుకున్నరు. బల్ల దిక్కు ఎవరూ చూడలే.

కరీంనగర్_నెట్‌సెంటర్ · ఫిబ్రవరి 21, ఉదయం 11:30

నేను కూడా రాస్త, లేకుంటే మీరు నన్ను ఇడిచిపెట్టరు. ఒక్క సిస్టంకు 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, ఇన్‌స్పెక్టర్‌ల రెండు రక్షణలూ మళ్ల ఆన్ చేసిన. పక్కనున్న పాత సిస్టం, రక్షణలు ఆఫ్ ఉన్నది, రెండూ ఒక్కసారి ఆన్ చేసి చూసిన. పాతది ఇంకా గుండ్రంగ తిరుగుతనే ఉన్నది, కొత్తదాంట్ల పోరడు హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకొని పైసలిచ్చి పోయిండు.

నెలకు రెండు సిస్టంల చొప్పున మారుస్త. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తోనే సపోర్ట్ ఐపోయింది, 11కు ఈ నాలుగో తరం పనికిరాదంటరు. వీటి మీద లినక్స్ ఎక్కిస్తే మన తెలుగు టైపింగ్, ప్రింటర్ నడుస్తయా? వేరే థ్రెడ్ పెట్టాల్నా, ఇక్కడనే అడగాల్నా?

కాజీపేట_జంక్షన్ · ఫిబ్రవరి 21, ఉదయం 11:52

వేరే పెట్టు అన్నా. ప్రింటర్ మోడల్ రాయి. అన్నీ రాయి, మారింది ఒక్కటే అనకు.